సభ్యుల వార్షికోత్సవ బ్యాడ్జీలు వాటంతట అవే పడేలా డిస్కోర్స్‌లో ఏర్పాట్లు

ఫోరంలో చేరి ఐదేళ్లు నిండిన రోజున సభ్యుడికి ఒక చిన్న నోటిఫికేషన్ వస్తే, తనను ఎవరో లెక్కలో ఉంచుకున్నారని తెలుస్తుంది. అదే బ్యాడ్జి తనకన్నా తర్వాత చేరినవాడికి ముందు పడితే, లేదా ఆరు నెలలు ఆలస్యంగా వస్తే, చిన్నబుచ్చుకుంటాడు. అందుకే వార్షికోత్సవ బ్యాడ్జి విషయంలో బొమ్మ, రంగు, పేరు తర్వాతి సంగతులు. ముందు తేదీ సరిగ్గా ఉండాలి. రెండు వందల మంది సభ్యులు దాటాక చేత్తో ఇవ్వడం ఎవరివల్లా కాదు. ఒక నెల మరిచిపోయినా ఆ నెలలో చేరినవాళ్లందరికీ అన్యాయం జరుగుతుంది. కాబట్టి పని సాఫ్ట్‌వేర్‌కే అప్పజెప్పాలి, అది ఎలా లెక్కపెడుతుందో మాత్రం మనకు తెలిసి ఉండాలి.

ఇక్కడ వివరంగా చెప్పేది ఫోరంలు నడిపే డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి. అలాంటివే అయిన జెన్‌ఫోరో, మైబీబీ, పీహెచ్‌పీబీబీ వాడేవాళ్లకు పనికొచ్చే సంగతులు చివర్లో ఉన్నాయి.

ముందే ఉన్న యానివర్సరీ బ్యాడ్జి ఎలా లెక్కపెడుతుంది

డిస్కోర్స్‌తో పాటే యానివర్సరీ అనే వెండి బ్యాడ్జి వస్తుంది. సైట్ సెట్టింగ్స్‌లో ఎనేబుల్ బ్యాడ్జెస్ ఆన్‌లో ఉండి, అడ్మిన్‌లోని బ్యాడ్జీల పేజీలో యానివర్సరీ ఎదుట ఎనేబుల్డ్ టిక్కు ఉంటే చాలు, అది పనిచేస్తూనే ఉంటుంది. గ్రాంట్ యానివర్సరీ బ్యాడ్జెస్ అనే షెడ్యూల్డ్ జాబ్ (వేళకు దానంతట అదే నడిచే పని) రోజుకొకసారి నడిచి, అర్హులను వెతికి బ్యాడ్జి ఇస్తుంది. సిస్టమ్ బ్యాడ్జి కనుక దీన్ని తొలగించలేం. పేరు తెలుగులోకి మార్చాలంటే బ్యాడ్జి పేజీలో కాదు, అడ్మిన్‌లో సైట్ టెక్స్ట్ మార్చుకునే చోట వెతికి మార్చాలి.

ఆ జాబ్ చూసేవి ఇవి: ఖాతా తెరిచి కనీసం ఏడాది అయ్యిందా? గత ఏడాది కాలంలో జాబితాల్లో కనిపించే టాపిక్‌లో కనీసం ఒక్క పోస్టయినా ఉందా? గత ఏడాదిలో ఇదే బ్యాడ్జి ఇంతకుముందే పడిందా? ఖాతా యాక్టివ్‌గా ఉందా, సైలెన్స్ చేసి (పోస్టులు రాయకుండా ఆపి) ఉందా? ప్రైవేటు మెసేజీలు పోస్టుల లెక్కలోకి రావు. తొలగించిన పోస్టులు, ఫ్లాగుల వల్ల దాగిపోయిన పోస్టులు, అన్‌లిస్టెడ్ (జాబితాల్లో కనిపించని) టాపిక్‌లలోని పోస్టులు కూడా రావు. "నాకెందుకు రాలేదు" అని సభ్యుడు అడిగితే మొదట ఈ పోస్టుల సంగతే చూడండి. చాలాసార్లు ఆ మనిషి ఏడాదంతా మెసేజీల్లోనే మాట్లాడి ఉంటాడు.

ఇందులో చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. ఈ బ్యాడ్జి చేరిన తేదీని పట్టుకుని ఉండదు, కిందటిసారి బ్యాడ్జి పడిన తేదీని పట్టుకుని ఉంటుంది. ఒక సభ్యురాలు 2021 మార్చి 10న చేరి, ఏప్రిల్‌లో ఒక పోస్టు రాసిందనుకుందాం. 2022 మార్చి 10కి ఏడాది నిండింది, ఆ ఏడాదిలో పోస్టు ఉంది కాబట్టి మొదటి బ్యాడ్జి వేళకే వస్తుంది. తర్వాత ఏడాదికి పైగా ఏమీ రాయలేదు, కనుక 2023 మార్చిలో ఏమీ రాదు. 2023 ఆగస్టు 3న తిరిగొచ్చి ఒక జవాబు రాసింది. ఆ వెంటనే, అంటే ఒకటి రెండు రోజుల్లోపే, రెండో బ్యాడ్జి పడుతుంది. ఇక ఆమె రాస్తూనే ఉన్నా మూడోది 2024 మార్చిలో రాదు, ఆగస్టులో వస్తుంది. అప్పటినుంచి ఆమె వార్షికోత్సవం ఆగస్టుకు జరిగిపోయినట్టే. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు, దాని నియమమే అది. కానీ ఆ సభ్యురాలి కళ్లకు అది తప్పుగానే కనిపిస్తుంది.

పైగా ఆ బ్యాడ్జి ఎన్నిసార్లు వచ్చినా పేరు ఒకటే. ప్రొఫైల్‌లో పక్కన అంకె పెరుగుతుంది, అంతే. "పదేళ్ల సభ్యులు" అని ప్రత్యేకంగా కనబడాలంటే, తేదీ చేరిన రోజుకే కట్టుబడి ఉండాలంటే, సొంతంగా బ్యాడ్జీలు తయారుచేసుకోక తప్పదు. ఏటా ఒకటి కన్నా 1, 3, 5, 10 ఏళ్లకు ఒక్కోటి మేలు. ప్రతి ఏడాదికీ ఒక బ్యాడ్జి పెడితే పదో ఏటికి ప్రొఫైల్ నిండిపోయి దేనికీ విలువ ఉండదు.

ఎస్‌క్యూఎల్ బ్యాడ్జీలకు తలుపు తెరవడం

సొంత బ్యాడ్జిని ఆటోమేటిక్‌గా ఇవ్వాలంటే దానికొక ఎస్‌క్యూఎల్ క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రాయాలి. ఆ క్వెరీ పెట్టె డిస్కోర్స్‌లో మొదట్లో కనబడదు. ఎనేబుల్ బ్యాడ్జ్ ఎస్‌క్యూఎల్ అనే సెట్టింగ్ దాచిపెట్టి ఉంటుంది, సెట్టింగ్స్ పేజీలో వెతికినా దొరకదు. సొంత సర్వర్ అయితే ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంనుంచి సర్వర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లోపలికి వెళ్లి, లాంచర్‌తో యాప్ కంటైనర్‌లోకి దిగి, రైల్స్ కన్సోల్ (డిస్కోర్స్‌కు నేరుగా ఆదేశాలు టైపు చేసే చోటు) తెరిచి, సైట్‌సెట్టింగ్ కింద ఆ పేరుకు ట్రూ అని విలువ ఇవ్వాలి. హోస్టింగ్ ఇంకొకరి చేతిలో ఉంటే వాళ్లనే అడగాలి.

దాన్ని దాచడానికి కారణముంది. చెడ్డ క్వెరీ ఒకటి రోజూ నడిస్తే డేటాబేస్ మొత్తం నెమ్మదిస్తుంది. అందుకే అడ్మిన్ హక్కులు ఎవరెవరికి ఉన్నాయో చూసుకున్నాకే ఇది ఆన్ చేయండి.

క్వెరీ

బ్యాడ్జి క్వెరీ నుంచి డిస్కోర్స్ కోరేది రెండే కాలమ్‌లు: ఎవరికి ఇవ్వాలో చెప్పే యూజర్_ఐడీ, ఏ తేదీతో ఇవ్వాలో చెప్పే గ్రాంటెడ్_ఎట్. ఐదేళ్ల బ్యాడ్జికి సరిపోయే క్వెరీ కింద ఉంది. ఇది చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉంది. ఎడిటర్‌లో మాత్రం కీలకపదాలు, టేబుళ్ల పేర్లు, కాలమ్‌ల పేర్లు అన్నీ డేటాబేస్‌లో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాలతో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో టైపు చేయాలి.

సెలెక్ట్ యు.ఐడీ యాజ్ యూజర్_ఐడీ,
యు.క్రియేటెడ్_ఎట్ + ఇంటర్వల్ '5 ఇయర్స్' యాజ్ గ్రాంటెడ్_ఎట్
ఫ్రమ్ యూజర్స్ యు
వేర్ యు.ఐడీ > 0
యాండ్ యు.యాక్టివ్
యాండ్ నాట్ యు.స్టేజ్డ్
యాండ్ యు.క్రియేటెడ్_ఎట్ + ఇంటర్వల్ '5 ఇయర్స్' <= కరెంట్_టైమ్‌స్టాంప్
యాండ్ (యు.సస్పెండెడ్_టిల్ ఈజ్ నల్ ఆర్ యు.సస్పెండెడ్_టిల్ < కరెంట్_టైమ్‌స్టాంప్)
యాండ్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ బ్యాడ్జ్_పోస్ట్స్ పి వేర్ పి.యూజర్_ఐడీ = యు.ఐడీ)

ఒక్కో వరుస ఎందుకుందో చూద్దాం. ఐడీ సున్నాకన్నా ఎక్కువ ఉండాలన్నది సిస్టమ్ ఖాతాను, డిస్కోర్స్ సొంత బాట్ అయిన డిస్కోబాట్‌ను బయట ఉంచడానికి, వాటి ఐడీలు రుణ సంఖ్యలు. స్టేజ్డ్ ఖాతాలంటే ఎవరో ఈమెయిల్ పంపినందువల్ల పుట్టినవి. ఆ మనిషి ఫోరంలో చేరనేలేదు, కాబట్టి వాటికి వార్షికోత్సవం లేదు. సస్పెన్షన్ వరుసలో నల్ (ఖాళీ) ఒక్కటే చూస్తే పొరపాటు. ఎప్పుడో వారం రోజులు సస్పెండ్ అయి తిరిగొచ్చిన సభ్యుడికి ఆ కాలమ్‌లో పాత తేదీ అలాగే ఉండిపోతుంది. గడువు ముగిసిందా అని కూడా అడగకపోతే అతనికి జన్మలో బ్యాడ్జి రాదు.

చివరి వరుసలోని బ్యాడ్జ్_పోస్ట్స్ అనేది డిస్కోర్స్ ఇచ్చే రెడీమేడ్ వ్యూ, అంటే ముందే వడకట్టిన టేబుల్ లాంటిది. అందరికీ తెరిచి ఉన్న కేటగిరీల్లో, తొలగించని, కనిపించే టాపిక్‌లలోని పోస్టులే అందులో ఉంటాయి. బ్యాడ్జీలు వద్దని ఏ కేటగిరీకైనా పెట్టి ఉంటే దాన్నీ వదిలేస్తుంది. సొంతంగా పోస్టుల టేబుల్ మీద ఈ షరతులన్నీ రాసుకునే బదులు దీన్నే వాడండి.

పోస్టు ఉండి తీరాలా వద్దా అన్నది మాత్రం ఎవరి ఫోరంకు వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. తెలుగు ఫోరంలలో రోజూ వచ్చి అన్నీ చదివి, ఒక్క మాటా రాయకుండా వెళ్లేవాళ్లు చాలామంది. వాళ్లూ ఫోరంలో భాగమే. వాళ్లకూ ఇవ్వాలనిపిస్తే పోస్టు వరుస తీసేసి, యూజర్_స్టాట్స్ టేబుల్‌లోని డేస్_విజిటెడ్ కాలమ్ చూడండి. ఐదేళ్లకు 50 రోజులైనా వచ్చి ఉండాలి అన్నట్టు ఒక హద్దు పెడితే, ఒక్కసారి చేరి మళ్లీ ముఖం చూపించని ఖాతాలు తప్పుకుంటాయి. ఏ షరతూ లేకుండా మాత్రం వదలొద్దు, లేకపోతే స్పామ్ కోసం తెరిచి వదిలేసిన ఖాతాలకూ పదేళ్ల బ్యాడ్జి పడుతుంది.

క్వెరీలో అన్నిటికన్నా ముఖ్యమైనది "తక్కువ లేదా సమానం" అన్న గుర్తు. కొత్తగా రాసేవాళ్లు సహజంగా చేసే పని, నెల, రోజు ఇవాళ్టితో సమానమా అని అడగడం. అలా రాస్తే ఆ ఒక్క రోజు సర్వర్ ఆగినా, అప్‌గ్రేడ్ మధ్యలో జాబ్ నడవకపోయినా ఆ రోజువాళ్లకు ఇక ఏడాదిదాకా అవకాశం ఉండదు. ఐదేళ్ల బ్యాడ్జి అయితే ఎప్పటికీ ఉండదు. "ఆ తేదీ దాటిన ప్రతి ఒక్కరికీ" అని రాస్తే, ఇవాళ తప్పినది రేపు పడుతుంది. ఇప్పటికే ఉన్నవాళ్లకు మళ్లీ పడకుండా డిస్కోర్సే చూసుకుంటుంది. గ్రాంటెడ్_ఎట్‌లో అసలు తేదీయే ఇస్తున్నాం కనుక ఒక రోజు ఆలస్యంగా నడిచినా బ్యాడ్జి మీద తేదీ మారదు.

క్వెరీ చివర సెమీకోలన్ పెట్టకండి. డిస్కోర్స్ మన క్వెరీని తన పెద్ద క్వెరీలో ఇమిడ్చి నడుపుతుంది, సెమీకోలన్ ఉంటే సేవ్ చేయనివ్వకుండా కాంట్రాక్ట్ వయొలేషన్ అని ఎర్రర్ చూపిస్తుంది.

తేదీ లెక్కలో జారిపోయే చోట్లు

మొదటిది లీపు సంవత్సరం. ఇంటర్వల్ '5 ఇయర్స్' బదులు 365ను ఐదుతో గుణించి రోజులు కలిపితే ప్రతి నాలుగేళ్లకు ఒక రోజు ముందుకు జరుగుతుంది. 2014 జులై 1న చేరిన సభ్యుడికి 3650 రోజుల లెక్కన పదేళ్లు 2024 జూన్ 28నే నిండుతాయి, ఎందుకంటే మధ్యలో 2016, 2020, 2024 లీపు సంవత్సరాలు మూడు పోయాయి. ఇయర్స్ అని రాస్తే డిస్కోర్స్ డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ క్యాలెండర్ ప్రకారం కలుపుతుంది.

2024 ఫిబ్రవరి 29న చేరినవాళ్లకు ఏడాది కలిపితే పోస్ట్‌గ్రెస్ 2025 ఫిబ్రవరి 28 ఇస్తుంది. ఇక్కడొక సన్నని తేడా ఉంది. షరతులో "చేరిన తేదీకి ఏడాది కలిపితే ఇవాళ్టికన్నా తక్కువ" అని రాస్తే ఫిబ్రవరి 28నే అర్హత వస్తుంది. దాన్నే తిప్పి "చేరిన తేదీ, ఇవాళ్టినుంచి ఏడాది తీసేస్తే వచ్చేదానికన్నా తక్కువ" అని రాస్తే మార్చి 1దాకా ఆగాలి, ఎందుకంటే 2025 ఫిబ్రవరి 28లోంచి ఏడాది తీస్తే వచ్చేది 2024 ఫిబ్రవరి 28, అది 29కన్నా ముందు. రెండూ ఒకటేననిపిస్తాయి, కావు. పై క్వెరీలో సెలెక్ట్‌లోనూ షరతులోనూ ఒకే వ్యక్తీకరణ వాడింది ఇందుకే.

రెండోది టైమ్‌జోన్. మన ఫోరంలకు ఇదే ఎక్కువ తగిలేది. డిస్కోర్స్ సమయాలన్నీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాస్తుంది, మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. ఒకతను 2020 జూన్ 15 తెల్లవారుజామున 2 గంటలకు ఖాతా తెరిచాడు. డేటాబేస్‌లో అది జూన్ 14 రాత్రి 8:30. ప్రొఫైల్‌లో చూస్తే బ్రౌజర్ మన సమయానికి మార్చి జూన్ 15 అనే చూపిస్తుంది. క్వెరీలో సమయాన్ని కత్తిరించి తేదీ మాత్రమే ఉంచితే జూన్ 14 అర్ధరాత్రి యూటీసీ మిగులుతుంది, అది మనకు జూన్ 14 పొద్దున 5:30. అంటే ప్రొఫైల్‌లో చేరింది 15న, బ్యాడ్జి పడింది 14న. అర్ధరాత్రికీ పొద్దున ఐదున్నరకూ మధ్య చేరిన ప్రతి ఒక్కరికీ ఇదే జరుగుతుంది. కాబట్టి సమయాన్ని కత్తిరించకండి, పూర్తి టైమ్‌స్టాంప్‌కే ఏళ్లు కలపండి. అప్పుడు హైదరాబాద్‌లో చూసినా డల్లాస్‌లో చూసినా చేరిన తేదీ, బ్యాడ్జి తేదీ ఒకదానితో ఒకటి కలుస్తాయి.

ఏదో నివేదిక కోసం భారత కాలమానం తేదీ కావాల్సే వస్తే, ఎట్ టైమ్ జోన్ రెండుసార్లు రాయాలి: మొదట యూటీసీ అని, తర్వాత ఏషియా/కోల్‌కతా అని. క్రియేటెడ్_ఎట్ టైమ్‌జోన్ లేని కాలమ్. నేరుగా కోల్‌కతా అని ఒక్కసారే రాస్తే పోస్ట్‌గ్రెస్ ఆ సమయం ముందే భారత సమయమనుకుని ఐదున్నర గంటలు కలపాల్సింది పోయి తీసేస్తుంది.

ఫారంలో ఏవి టిక్ చేయాలి, ఏవి వద్దు

అడ్మిన్‌లో బ్యాడ్జీల పేజీకి వెళ్లి కొత్త బ్యాడ్జి తెరవండి. పేరు తెలుగులో పెట్టుకోవచ్చు: ఏడాది తోడు, ఐదేళ్ల నేస్తం, పదేళ్ల పెద్దదిక్కు, మీ ఫోరం వాళ్ల నోటికి ఏది అలవాటైతే అది. వివరణలో నియమం ఒక్క వాక్యంలో స్పష్టంగా రాయండి: "చేరి ఐదేళ్లు నిండి, కనీసం ఒక పోస్టు రాసినవాళ్లకు". ఇలా రాసి ఉంటే "నాకెందుకు రాలేదు" అన్న ప్రశ్నలు చాలావరకు మీదాకా రావు.

ట్రిగ్గర్ (క్వెరీ ఎప్పుడు నడవాలో చెప్పే ఎంపిక) దగ్గర అప్‌డేట్ డైలీ ఎంచుకోండి. మిగతా ట్రిగ్గర్లు సభ్యుడు ఏదో చేసినప్పుడు నడిచేవి. వాటికైతే క్వెరీలో బ్యాక్‌ఫిల్, యూజర్_ఐడీస్ లేదా పోస్ట్_ఐడీస్ పరామితులు తప్పనిసరిగా ఉండాలి. సభ్యుడు ఏమీ చేయకపోయినా ఏళ్లు గడుస్తాయి, కాబట్టి మన పనికి రోజువారీ పరుగే సరైనది.

రోజూ రివొకేషన్ క్వెరీ నడపాలా అని ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టొద్దు. అది ఉంటే, ఇవాళ్టి క్వెరీ ఫలితంలో లేని ప్రతి ఒక్కరి దగ్గరనుంచీ బ్యాడ్జి వెనక్కి తీసుకుంటుంది. సభ్యుడు నాలుగు రోజులు సస్పెండైనా, తనకున్న ఒకే ఒక్క పోస్టు తొలగించుకున్నా ఐదేళ్ల బ్యాడ్జి పోతుంది. షరతులో "గత ఏడాదిలో ఒక పోస్టు" అని పెట్టుకున్న ఫోరంలలో ఇది మరీ ప్రమాదం, కొన్నాళ్లు దూరంగా ఉన్న ప్రతివాడి బ్యాడ్జీ ఊడిపోతుంది. గడిచిన ఏళ్లను వెనక్కి తీసుకోవడం ఎవరికీ న్యాయంగా అనిపించదు.

ఎన్నిసార్లయినా ఇవ్వవచ్చు అన్న టిక్కు కూడా ఇక్కడ ఉపయోగపడదు. పోస్టుకు కట్టని ఎస్‌క్యూఎల్ బ్యాడ్జిని డిస్కోర్స్ ఒక మనిషికి ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వదు. "ఒకే క్వెరీతో ఏటా పడేలా చేద్దాం" అని చూసినవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. ఎన్నేళ్ల మైలురాళ్లు కావాలో అన్ని బ్యాడ్జీలు, క్వెరీలో ఏళ్ల అంకె మార్చుకుంటూ చేసుకోవాలి. అంకె రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా మార్చారో లేదో చూసుకోండి. పదేళ్లదాన్ని టైటిల్‌గా (పేరు పక్కన కనబడే బిరుదుగా) పెట్టుకోనిస్తే సభ్యులు సంతోషంగా వాడుకుంటారు.

సేవ్ చేసే ముందు ప్రివ్యూ బటన్ నొక్కండి. ఎంతమందికి పడుతుందో, కొందరి పేర్లతో సహా చూపిస్తుంది. క్వెరీ ప్లాన్‌తో చూసే బటన్ పక్కనే ఉంటుంది.

మొదటి రోజు వరద

ఫోరం పాతదైతే మొదటి పరుగులోనే ఏళ్ల తరబడి పేరుకున్న బ్యాడ్జీలన్నీ ఒకేసారి పడతాయి. పన్నెండేళ్ల సభ్యుడికి 1, 3, 5, 10 నాలుగూ ఒక్కసారే వస్తాయి. నాలుగు వేలమంది ఉన్న ఫోరంలో ఆ పొద్దున ప్రతి ఒక్కరి గంట మీదా అంకె మెరుస్తుంది, ఇదేమిటని అడిగేవాళ్లతో అడ్మిన్‌ల మెసేజీలు నిండిపోతాయి.

దీనికి డిస్కోర్స్‌లోనే చక్కటి దారి ఉంది. బ్యాడ్జి కంచుదై, గ్రాంటెడ్_ఎట్ రెండు రోజులకన్నా పాతదైతే అది నోటిఫికేషన్ పంపదు, బ్యాడ్జి మాత్రం నిశ్శబ్దంగా ప్రొఫైల్‌లో చేరుతుంది. కాబట్టి నాలుగు బ్యాడ్జీలనూ మొదట కంచు రకంగానే సేవ్ చేయండి. ఒకరోజు ఆగి, పాతవాళ్లందరికీ పడ్డాయని చూసుకున్నాక ఐదేళ్లదాన్ని వెండిగా, పదేళ్లదాన్ని బంగారంగా మార్చండి. రకం మార్చినందుకు ఎవరికీ నోటిఫికేషన్ వెళ్లదు. ఇకమీదట ఎవరికి ఏ రోజు ఏళ్లు నిండితే ఆ రోజు వాళ్లకొక్కరికే వెళ్తుంది. గ్రాంటెడ్_ఎట్‌లో ఇవాళ్టి తేదీ పెట్టిన క్వెరీకి ఈ ఉపాయం పనిచేయదు, కంచుదైనా అన్నీ కొత్తవిగానే కనిపిస్తాయి.

రోజువారీ జాబ్ కోసం ఆగలేకపోతే సైడ్‌కిక్ (వెనక నడిచే జాబ్‌లను చూపించే) పేజీలో షెడ్యూలర్ ట్యాబ్ తెరిచి, బ్యాడ్జ్ గ్రాంట్ అన్న జాబ్ ఎదుట ట్రిగ్గర్ నొక్కండి. పైన చెప్పిన యానివర్సరీ జాబ్ వేరు, ఇది వేరు. సొంత బ్యాడ్జీలను నడిపేది ఇదే. సొంతవి పెట్టాక ముందే ఉన్న యానివర్సరీని ఆపేయడం మంచిది, లేకపోతే రెండు వేర్వేరు తేదీల్లో రెండు వార్షికోత్సవాలు జరుగుతాయి.

చేరిన తేదీయే తప్పయితే

క్వెరీ ఎంత సరిగ్గా ఉన్నా క్రియేటెడ్_ఎట్ తప్పయితే ఫలితం తప్పే. ఇలా రెండు సందర్భాల్లో జరుగుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌నుంచి సభ్యులను సొంత స్క్రిప్టుతో తరలించినప్పుడు పాత తేదీ రాయడం మరిస్తే, అందరూ తరలింపు రోజే చేరినట్టవుతుంది. ఒకే తేదీన వందలమంది చేరినట్టు కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. రెండోది, సభ్యులు వేరే సైట్ లాగిన్‌తో డిస్కోర్స్ కనెక్ట్ ద్వారా వస్తున్నప్పుడు. అప్పుడు ఫోరంలో ఖాతా మొదటి లాగిన్ రోజున పుడుతుంది. ఆ సంస్థలో పదిహేనేళ్లుగా ఉన్న మనిషి కూడా నిన్న చేరినట్టే ఉంటాడు.

పాత తేదీల జాబితా మీ దగ్గర ఉంటే, బ్యాకప్ తీసుకుని, రైల్స్ కన్సోల్‌లో ఈమెయిల్ ఆధారంగా ఒక్కొక్కరి క్రియేటెడ్_ఎట్ సరిచేయండి. పాత సాఫ్ట్‌వేర్ తేదీని యూనిక్స్ సెకన్లలో (1970 మొదటినుంచి లెక్కించేవి) దాచి ఉంటే దాన్ని యూటీసీగానే మార్చాలి, మధ్యలో మళ్లీ ఐదున్నర గంటలు కలపకూడదు. బ్యాడ్జీలు ఆన్ చేయకముందే ఈ పని ముగించాలి. ఆన్ చేశాక సరిచేస్తే, ఇప్పటికే పడ్డవాటి మీద పాత తప్పు తేదీయే ఉండిపోతుంది, వాటిని తీసేసి మళ్లీ ఇవ్వాలి.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు

జెన్‌ఫోరోలో ఈ పని ట్రోఫీలు చేస్తాయి. కొత్త ట్రోఫీ చేసి, యూజర్ క్రైటీరియాలో "ఇన్ని రోజులుగా రిజిస్టర్ అయి ఉన్నారు" అన్న షరతు ఎంచుకోవాలి. ఇక్కడ ఏళ్లు రాయడం కుదరదు, రోజులే. 365, 1095 అని రాస్తే లీపు సంవత్సరం పడ్డవాళ్లకు ముందే వస్తుంది. 1, 3, 5, 10 ఏళ్లకు 366, 1096, 1827, 3653 రాయండి, మహా అయితే ఒక రోజు ఆలస్యమవుతుంది కానీ ఎవరికీ ముందు పడదు. ట్రోఫీల క్రాన్ (వేళకు నడిచే జాబ్) ఈమధ్య ఫోరంకు వచ్చినవాళ్లనే పరిశీలిస్తుంది. అందువల్ల వార్షికోత్సవం రోజున రాని సభ్యుడికి, తిరిగొచ్చినప్పుడు పడుతుంది. మొదటి రోజు వరద కూడా అంతగా ఉండదు.

మైబీబీలో బ్యాడ్జీలు లేవు, గ్రూప్ ప్రమోషన్స్ ఉన్నాయి. ఐదేళ్ల సభ్యులు అని ఒక గ్రూపు చేసి, దానికొక బొమ్మ పెట్టి, ప్రమోషన్ షరతుగా రిజిస్టర్ అయిన కాలం ఎంచుకోండి. అక్కడ ఏళ్లలో రాసుకునే వీలుంది. మార్పు రకం మాత్రం సెకండరీ గ్రూపుగానే ఉంచండి. ప్రైమరీ అని పెడితే షరతుకు అందిన మోడరేటర్ తన అధికారాలున్న గ్రూపు వదిలి కొత్త గ్రూపులోకి వెళ్లిపోయే ప్రమాదముంది. మైబీబీ టాస్కులు ఎవరైనా పేజీ తెరిచినప్పుడే కదులుతాయి, సందడి లేని ఫోరంలో ఆలస్యం అందుకే.

పీహెచ్‌పీబీబీలో ర్యాంకులు పోస్టుల సంఖ్యను బట్టి నడుస్తాయి, చేరిన కాలాన్ని బట్టి కాదు. ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి, లేదా సొంతంగా రాసుకోవాలి. సొంతంగా రాస్తే, ఇచ్చిన బ్యాడ్జీల టేబుల్‌లో సభ్యుడి ఐడీ, బ్యాడ్జి ఐడీ రెండూ కలిపి యూనిక్ ఇండెక్స్ పెట్టండి. స్క్రిప్టు రోజుకు రెండుసార్లు నడిచినా, మధ్యలో ఆగి మళ్లీ మొదలైనా రెండోసారి పడకుండా ఆ ఇండెక్సే అడ్డుపడుతుంది.

వారం తర్వాత ఒక పరీక్ష

డిస్కోర్స్‌లో డేటా ఎక్స్‌ప్లోరర్ ప్లగిన్ ఆన్ చేసుకోండి. అందులోని క్వెరీలు డేటాను చదవగలవే గానీ మార్చలేవు, భయపడకుండా ప్రయత్నించవచ్చు. పై క్వెరీనే అక్కడ పెట్టి, యూజర్_బ్యాడ్జెస్ టేబుల్‌లో ఆ బ్యాడ్జి ఐడీతో వరుస లేని సభ్యులను మాత్రమే అడగండి. అర్హత ఉండీ బ్యాడ్జి లేనివాళ్ల జాబితా వస్తుంది. జాబ్ నడిచిన కాసేపటికి చూస్తే అది ఖాళీగా ఉండాలి. ఒకరిద్దరుంటే గత జాబ్ తర్వాత ఏళ్లు నిండినవాళ్లు కావచ్చు, మర్నాడు మళ్లీ చూడండి. అవే పేర్లు మిగిలిపోతే సైడ్‌కిక్‌లో బ్యాడ్జ్ గ్రాంట్ ఆఖరుసారి ఎప్పుడు నడిచిందో, ఎర్రర్‌తో ఆగిందేమో చూడండి. తర్వాత ముగ్గురి ప్రొఫైళ్లు చేత్తో తెరిచి చూడాలి: నిన్న ఏళ్లు నిండినవాళ్లు ఒకరు, రేపు నిండేవాళ్లు ఒకరు, తెల్లవారుజామున చేరినవాళ్లు ఒకరు. మొదటివారికి బ్యాడ్జి ఉండాలి, రెండోవారికి ఉండకూడదు, మూడోవారి బ్యాడ్జి తేదీ ప్రొఫైల్‌లో చేరిన తేదీతో రోజు, నెల సహా కలవాలి.